పాత మిల్లు ఊళ్లో ఇల్లు కొంటున్నారా? ఏటి దగ్గర మొదలుపెట్టండి

బోస్టన్ చుట్టుపక్కల ఇల్లు వెతికేటప్పుడు మనవాళ్లు మొదట చూసేది స్కూళ్ల రేటింగ్. ఆ తర్వాత ఆఫీసుకి ఎంత దూరమన్నది. రెండూ చూడాల్సినవే. కానీ మీ కన్ను మేనార్డ్ మీదో, వాల్తమ్ మీదో, వెస్ట్‌ఫర్డ్‌లోని ఫోర్జ్ విలేజ్ మీదో, లోవెల్‌ని ఆనుకుని ఉన్న ఊళ్ల మీదో పడిందంటే వీటికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఏరు.

ఈ ఊళ్లను ఊళ్లుగా చేసింది ఏరే. నీరు ఎత్తు నుంచి కిందికి దూకేచోట ఆనకట్ట కట్టారు, ఆ నీటి బలంతో మిల్లు నడిపారు, మిల్లులో పనిచేసేవాళ్ల కోసం పక్కనే ఇళ్లు కట్టారు. ఆ మిల్లులు మూతపడి చాలా ఏళ్లయింది. ఇళ్లు మాత్రం నిలబడి ఉన్నాయి, ఇప్పుడు మనం కొంటున్నాం. బేస్‌మెంట్‌లో తడి ఎందుకు, గదులు ఇంత చిన్నవి ఎందుకు, పెరట్లో తవ్వితే నల్లటి బూడిద ఎందుకు, పక్క ఊరికన్నా రేటు తక్కువ ఎందుకు అని మీరు ఏది అడిగినా జవాబు ఏటి దగ్గరే దొరుకుతుంది.

మేమూ ఇలాంటి ఊళ్లోనే ఉంటున్నాం. ఒక ఇల్లు చేతిదాకా వచ్చాక వదులుకున్నాం, తర్వాత ఇంకొకటి కొన్నాం. నాకు ఎక్కువ నేర్పింది ఆ వదులుకున్న ఇల్లే. ఈ ఊళ్లంటే నాకు చాలా ఇష్టం. తెలిసి కొనుక్కుంటే ఇంతకన్నా హాయిగా బతికే చోట్లు తక్కువ. తెలియక కొంటే మాత్రం ప్రతి వానకీ టెన్షనే.

మొదటి పని: కాళ్లతో చూడండి

ఒక శనివారం కారు మిల్లు దగ్గర ఆపి, ఏటి ఒడ్డు నుంచి పైకి నడవండి. ఏజెంట్ లేకుండా, ఏ ఇంటికీ అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లండి. మిల్లు గోడ పక్కనే ఒకదానికొకటి అతుక్కున్నట్టుండే చిన్న ఇళ్లు, రెండు కుటుంబాల ఇళ్లు కనిపిస్తాయి. అవి కార్మికులవి. కొంచెం ఎత్తెక్కితే వరండా ఉన్న ఇళ్లు, అవి మేస్త్రీలవి, గుమాస్తాలవి. గుట్ట పైన పెద్ద ఇళ్లు యజమానులవి. ఎవరి కోసం కట్టారన్నదాన్ని బట్టి పునాది, కలప, స్థలం అన్నీ మారతాయి. మీరు చూడబోయే ఇల్లు ఈ వరసలో ఎక్కడుందో తెలిస్తే సగం సంగతులు ముందే తెలిసినట్టు.

మేనార్డ్‌నే తీసుకోండి. 1846లో అమోరీ మేనార్డ్ అనే ఆయన అసాబెట్ నది మీద ఆనకట్ట కట్టించి కార్పెట్ల మిల్లు పెట్టాడు. అప్పటికి ఆ ఊరు లేదు. స్టో, సడ్‌బరీ ఊళ్ల నుంచి కొంత కొంత తీసి 1871లో ఊరిని చేసి ఆయన పేరే పెట్టారు. 1899లో ఆ మిల్లు అమెరికన్ ఉలెన్ కంపెనీ చేతికి వచ్చింది. కార్మికుల కోసం కంపెనీ వరసగా వీధులు వేసి ఇళ్లు కట్టించింది, ఆ వీధులకు ప్రెసిడెంట్ల పేర్లు పెట్టింది. 1950లో మిల్లు ఆగిపోయింది. 1957లో అదే భవనంలో కొంత భాగం అద్దెకు తీసుకుని కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ మొదలుపెట్టారు. ఉన్ని నేసిన గదుల్లో కంప్యూటర్లు తయారయ్యాయి.

ఈ చరిత్ర మీకు ఎందుకంటే, ఇళ్లు కూడా ఇలా అలలు అలలుగానే వచ్చాయి. మిల్లు తొలిరోజుల ఇళ్లకు రాతి పునాదులు. 1900 తర్వాతివాటిలో పాతకాలం కరెంటు వైరింగు. యుద్ధం అయ్యాక వచ్చిన రాంచ్, కేప్ ఇళ్లలో ఆస్బెస్టాస్ పలకల నేల. కంప్యూటర్ల కాలంలో ఊరి అంచున కట్టిన కలోనియల్ ఇళ్లకు చాలాచోట్ల సెప్టిక్ ట్యాంకు. ఒకే ఊళ్లో రెండు మైళ్ల దూరంలో ఉన్న రెండిళ్లకు పోలికే ఉండదు.

నడిచేటప్పుడు ఇళ్ల కింది అంచుని చూడండి. బేస్‌మెంట్ కిటికీలోంచో గోడలోంచో పచ్చిక మీదకి ఒక గొట్టం వచ్చి ఉంటే అది సంప్ పంపుది, లోపల చేరే నీటిని బయటికి తోడేది. ఒక ఇంటికి ఉంటే ఆ ఇంటి సంగతి. వరసగా నాలుగైదు ఇళ్లకు ఉంటే ఆ వీధి కిందే నీళ్లున్నాయి. మంచు కరిగే మార్చి, ఏప్రిల్ నెలల్లో, వాన పడ్డ మర్నాడు ఇంకోసారి వెళ్లి ఆ గొట్టాల నుంచి నీళ్లు కారుతున్నాయేమో చూడండి. ఏ లిస్టింగులోనూ దొరకని సమాచారం ఇది.

రెండో పని: కంప్యూటర్ ముందు ఒక సాయంత్రం

నచ్చిన ఇంటి అడ్రసు దొరికాక, లోపలికి వెళ్లకముందే మూడు నాలుగు చోట్ల వెతకండి. అన్నీ ఉచితమే.

ఒకటి, కేంద్ర ప్రభుత్వ విపత్తు సంస్థ ఫెమా ఇచ్చే వరద మ్యాపు. ఇల్లు వరద ముప్పు ఎక్కువుండే ఎ, ఎఇ జోన్లలో ఉంటే బ్యాంకు ఫ్లడ్ ఇన్సూరెన్సు తప్పకుండా తీసుకోమంటుంది. మామూలు హోమ్ ఇన్సూరెన్సులో వరద నష్టం రాదు, ఇది చాలామందికి నష్టపోయాకే తెలుస్తుంది. ముప్పు తక్కువని చెప్పే ఎక్స్ జోన్ అని ఉంటే నిశ్చింత అనుకోకండి. నీరు పల్లమెరుగు అన్నారు, మ్యాపులో గీత ఎక్కడుందో నీటికి తెలియదు. 2006 మే నెల మధ్యలో మెరిమాక్ లోయ అంతా మునిగింది. 2010 మార్చిలో తూర్పు మసాచుసెట్స్‌లో మళ్లీ వరదలొచ్చాయి. పక్కింటివాళ్లను అడిగేటప్పుడు "నీళ్లొస్తాయా" అని అడక్కండి. "2006లో మీ ఇంట్లోకి ఎంత ఎత్తు వచ్చాయి, 2010లో ఎంత వచ్చాయి" అని అడగండి. ఏడాది పేరు చెప్పి అడిగితే మనుషులకు గుర్తొస్తుంది. పైన ఆనకట్ట ఉంటే అది ఎవరిదో, ప్రమాద స్థాయిని బట్టి దాన్ని ఏ వర్గంలో పెట్టారో టౌన్ ఆఫీసులో కనుక్కోండి. కొన్ని ఆనకట్టలు ఊరివి కావు, ప్రైవేటువాళ్లవి.

రెండోది, రాష్ట్ర పర్యావరణ శాఖవారి వేస్ట్ సైట్ల జాబితా. మిల్లు అంటే ఒట్టి దారం, బట్ట మాత్రమే కాదు. రంగులు, ఆమ్లాలు, నూనెలు, గ్రీజు తుడిచే ద్రావకాలు కూడా. యాష్‌లాండ్ అంటే మనకు లక్ష్మీ అమ్మవారి గుడి. అదే ఊళ్లో 1917 నుంచి 1978 దాకా బట్టల రంగులు తయారుచేశారు. నయాంజా అనే ఆ స్థలం సూపర్‌ఫండ్ అనే, కేంద్రం శుభ్రం చేయించే విషపు స్థలాల జాబితాకెక్కింది, అక్కడి పాదరసం సడ్‌బరీ నది దాకా చేరింది. తోళ్ల పరిశ్రమతో పెరిగిన వోబర్న్‌లో రసాయనాలు కలిశాయని 1979లో రెండు తాగునీటి బావులు మూసేశారు. ఇవి చెప్పడం ఆ ఊళ్లకు పోవద్దని కాదు. శుభ్రం చేయించిన స్థలాలూ ఉన్నాయి, హాయిగా బతుకుతున్నవాళ్లూ ఉన్నారు. మీరు కొనే ఇంటికి సగం మైలు చుట్టూ ఏముందో, ఏ దశలో ఉందో తెలుసుకుని కొనండి అనే నా మాట. ఎ.యు.ఎల్. అనే మాట కనిపిస్తే ఆగండి. ఆ స్థలంలో కొన్ని పనులు చేయకూడదని దస్తావేజుల్లోనే రాసి పెట్టారని దాని అర్థం. తవ్వకూడదనో, కూరగాయలు పండించకూడదనో ఉండొచ్చు.

మూడోది, తాగునీటి గొట్టం. ఇంటికొచ్చే సర్వీస్ లైను సీసంతో చేసిందా కాదా అని ప్రతి నీటి సంస్థా 2024 అక్టోబర్ 16 నాటికి జాబితా తయారు చేయాలని కేంద్ర నిబంధన. ఆ జాబితాలో అడ్రసు వెతకండి. "తెలియదు" అని ఉంటే బేస్‌మెంట్‌లో మీరే చూడొచ్చు, ఎలాగో కింద చెబుతాను.

ఇక టౌన్ అసెసర్ దగ్గరుండే ప్రాపర్టీ కార్డు, బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో ఉండే పర్మిట్లు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. లిస్టింగులో "కొత్త వంటగది, కొత్త వైరింగు" అని ఉండి పర్మిట్ ఒక్కటీ లేకపోతే అడగాల్సిన ప్రశ్న అదే. రెండు కుటుంబాల ఇల్లని అమ్ముతుంటే టౌన్ రికార్డుల్లో కూడా అది రెండు కుటుంబాలదేనా చూడండి. బేస్‌మెంట్‌లో పొయ్యి పెట్టి అద్దెకిచ్చిన గదుల్ని మూడో యూనిట్‌గా చూపించేవాళ్లుంటారు. ఆ అద్దెను లెక్కేసుకుని మార్ట్‌గేజ్ తీసుకుంటే రేపు టౌన్ ఖాళీ చేయించినప్పుడు ఇబ్బంది మీకే.

డబ్బు సంగతి

అప్పు ఇస్తామని బ్యాంకు ముందే చెప్పే ప్రీ అప్రూవల్ గురించి అందరూ చెబుతారు, నేను వేరే రెండు విషయాలు చెబుతాను. మొదటిది, ఇన్సూరెన్సు కోట్ ఆఫర్ పెట్టకముందే తీసుకోండి. పాత వైరింగు ఉన్న ఇళ్లను చాలా కంపెనీలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా ఎక్కువ అడుగుతాయి. ఇన్సూరెన్సు లేకపోతే బ్యాంకు డబ్బివ్వదు.

రెండోది, ప్రాపర్టీ టాక్స్. మసాచుసెట్స్‌లో 1980లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ రెండున్నర అనే చట్టం ఉంది. "మన టాక్స్ ఏడాదికి రెండున్నర శాతం కన్నా పెరగదు" అని చాలామంది పొరబడతారు. ఆ పరిమితి ఊరు మొత్తం మీద వసూలు చేసే టాక్సుకు, మీ ఒక్క బిల్లుకు కాదు. కొత్త కట్టడాల మీద వచ్చేది దానికి అదనం. ఆ పరిమితి దాటడానికి ఊళ్లో ఓటేసి ఓవర్‌రైడ్ పాస్ చేస్తే ఇంకా పెరుగుతుంది. మిల్లు ఊళ్లలో ఒకప్పుడు మిల్లు కట్టిన టాక్సు ఇప్పుడు ఇళ్లే కట్టాలి. అందుకని గత కొన్నేళ్లలో ఓవర్‌రైడ్ ఓట్లు ఏమయ్యాయో, కొత్త స్కూలు భవనం అప్పు నెత్తిన ఉందేమో అడగండి.

బేస్‌మెంట్‌తో మొదలుపెట్టండి

ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు వంటగదిలో ఆగకండి. తిన్నగా కిందికి దిగండి.

మేం వదులుకున్న ఇంటి సంగతి చెబుతాను. మిల్లుకు రెండు వీధుల అవతల, వందేళ్లు దాటిన ఇల్లు. కొని, బాగుచేసి, వెంటనే అమ్ముతున్నారు. వంటగది తళతళలాడుతోంది, మా ఆవిడ మొహంలో అది మాదే అన్న వెలుగు. బేస్‌మెంట్‌కి దిగాను. గోడలకు తెల్ల పెయింటు, వాసన ఇంకా పోలేదు. రంగు నా నడుము ఎత్తు వరకే ఉంది, పైన రాయి రాయిలాగే వదిలేశారు. మెట్లు చూశాను. కింది రెండు మెట్లు కొత్త చెక్క, మిగతావి ముసలి చెక్క. బాయిలర్ కాళ్లకు జానెడు ఎత్తున ఒక తుప్పు గీత, నాలుగు కాళ్లకూ ఒకే మట్టంలో. పైన పటారం, లోన లొటారం అని మా అమ్మ అనే మాట అక్కడే గుర్తొచ్చింది. బయటికొచ్చాక పక్కింటి పెద్దావిడ కంచె దగ్గర కనిపిస్తే అడిగాను. ఆవిడ మాట్లాడకుండా తన మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించింది. ఏజెంటు మాత్రం "కొంచెం చెమ్మ, పాత ఇళ్లకు మామూలే" అన్నాడు.

చెమ్మ మామూలే, నిజం. రాతి పునాది ఊపిరి పీల్చుకుంటుంది, దానికి కొంచెం తడి ఉంటుంది. గోడ మీద తెల్లటి చవుడు పొంగితే భయపడక్కర్లేదు. చేత్తో గీస్తే రాళ్ల మధ్య సున్నం ఇసుకలా రాలుతోందంటే మళ్లీ పూయించాలి, ఖర్చుంది కానీ అయ్యే పనే. గోడ లోపలికి ఉబ్బిందంటే, రాళ్లు జరిగాయంటే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవందే ముందుకు వెళ్లొద్దు. పునాది మీద పడుకున్న మొదటి దూలాన్ని సిల్ అంటారు, ఇల్లంతా దాని మీదే కూర్చుంటుంది. ఇన్‌స్పెక్టర్ స్క్రూడ్రైవర్‌తో దాన్ని పొడుస్తాడు. ఠంగుమని ఆగితే మంచిది. వెన్నలో దిగినట్టు దిగితే అది పుచ్చిపోయింది.

తల పైకెత్తి దూలాల మధ్య చూడండి. తెల్లటి పింగాణీ గుబ్బల మీదుగా గుడ్డ చుట్టిన తీగలు సాగుతుంటే అది నాబ్ అండ్ ట్యూబ్ వైరింగు. ఇన్సూరెన్సువాళ్లు అడిగేది దీని గురించే. ఇది తీయించకుండా గోడల్లో ఇన్సులేషన్ కూడా నింపనివ్వరు. గొట్టాలకు పిండికట్టు కట్టినట్టు తెల్లటి పొర చుట్టి ఉంటే ఆస్బెస్టాస్ కావచ్చు. చెక్కుచెదరకుండా ఉంటే ముట్టుకోకండి, ఊడిపోతుంటే లైసెన్సున్నవాళ్ల చేతే తీయించాలి.

నీటి మీటర్‌కి వచ్చే గొట్టం దగ్గర, యజమాని ఒప్పుకుంటే, ఒక నాణెంతో మెల్లగా గీకండి. ఎర్రగా రాగి పైసాలా కనిపిస్తే రాగి. వెండిలా మెరుస్తూ మెత్తగా గీసుకుంటే, అయస్కాంతం కూడా అంటుకోకపోతే అది సీసం.

మురుగు గొట్టానికి కెమెరా పెట్టించండి. పాత మట్టి గొట్టాల్లోకి చెట్ల వేళ్లు దూరతాయి. రెండు మూడు వందల డాలర్లకు వెనకాడి తర్వాత ముంగిలంతా తవ్వించినవాళ్లను చూశాను. నేలలోంచి ఇంట్లోకి చేరే రేడాన్ వాయువు పరీక్ష కూడా చేయించండి, 4 పికోక్యూరీలు దాటితే ఫ్యాను పెట్టించాలి. ఇవేవీ మామూలు ఇన్‌స్పెక్షన్‌లో ఉండవు, విడిగా అడగాలి.

చిన్నపిల్లలుంటే: లెడ్ పెయింట్

ఈ ఒక్క విషయంలో తొందరపడకండి. 1978కి ముందు కట్టిన ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలుంటే, సీసం కలిసిన లెడ్ పెయింట్ ప్రమాదాన్ని తీసేయడమో కప్పేయడమో యజమాని చేయాలని మసాచుసెట్స్ చట్టం. కొన్నాక ఆ యజమాని మీరే. రెండు కుటుంబాల ఇల్లు కొని పైన అద్దెకిస్తే, అద్దెకొచ్చినవాళ్ల పిల్లలకు కూడా మీదే బాధ్యత. లెడ్ ఉందని పిల్లలున్నవాళ్లకు అద్దెకివ్వనంటే అదీ చట్టవిరుద్ధమే.

పెచ్చులూడిన గోడ కంటికి కనిపిస్తుంది. కనిపించనిది పాత కిటికీ. పైకీ కిందికీ జరిపినప్పుడల్లా చెక్కా చెక్కా రాసుకుని సన్నటి పొడి రాలుతుంది. పిల్లలు కిటికీ గట్టు పట్టుకుని నిలబడతారు, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. ఇల్లు చూసేటప్పుడు కిటికీ ఎత్తి ఆ గాడిలో చూడండి.

ఆ ఇంటికి ముందే డీలెడింగ్, అంటే ఆ లెడ్ ప్రమాదాన్ని తీసేసే పని, అయ్యిందా అన్నది రాష్ట్రవారి లెడ్ సేఫ్ హోమ్స్ వెబ్‌సైటులో అడ్రసు కొట్టి వెతకొచ్చు. లేకపోతే లైసెన్సున్న లెడ్ ఇన్‌స్పెక్టర్ చేత చూపించి, డీలెడింగ్ ఎంతవుతుందో తెలిశాకే ధర మాట్లాడండి. ఆ ఖర్చులో కొంత రాష్ట్ర ఇన్‌కం టాక్సులో క్రెడిట్‌గా తిరిగొస్తుంది. పని జరిగినన్నాళ్లు పిల్లలు ఆ ఇంట్లో ఉండకూడదు, అందుకని పాత అద్దె ఇంటి గడువు ఒక నెల ఎక్కువ ఉంచుకోండి.

మిల్లులోనే ఫ్లాటు కొనాలనుకుంటే

ఎత్తైన కిటికీలు, ఇటుక గోడలు, రెండు చేతులతో చుట్టినా అందని చెక్క స్తంభాలు. ఒకసారి చూసినవాళ్లు మర్చిపోలేరు. ఇక్కడ మీరు చూడాల్సింది ఫ్లాటును కాదు, కాండో అసోసియేషన్ కాగితాలను. భవనం పెద్దది, పాతది, నీటి పక్కన ఉంది. ఇటుకల మధ్య సున్నం మళ్లీ పూయించడం, వందల కిటికీలు మార్చడం, పైకప్పు వేయించడం అన్నిటికీ డబ్బు అందరి దగ్గరి నుంచే వస్తుంది. రిజర్వు ఫండ్‌లో ఎంతుంది, గత అయిదేళ్లలో స్పెషల్ అసెస్‌మెంట్లు (నెలవారీ ఫీజు కాక అదనపు వసూళ్లు) వేశారా, మీటింగు మినిట్స్‌లో ఏ గొడవ మళ్లీ మళ్లీ వస్తోంది అని చదవండి. భవనం మొత్తానికి ఉండే మాస్టర్ ఇన్సూరెన్సులో వరద ఉందా అడగండి. చారిత్రక భవనమైతే కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. పై ఫ్లాటులో నడిచే చప్పుడు చెక్క నేల మీంచి బాగా దిగుతుంది. సాయంత్రం ఏడింటికి, పిల్లలు ఇళ్లలో ఉండే వేళ చూడడానికి వెళ్లండి.

ఆఫర్ నుంచి తాళాల దాకా

ఇక్కడ ఆఫర్ కాగితం మీద సంతకం పెట్టడం చిన్న పని కాదు. రెండువైపులా సంతకాలైన ఆఫరే కట్టుబడే ఒప్పందం కాగలదని 1999లో రాష్ట్ర అత్యున్నత కోర్టు చెప్పింది. అందుకని మీ లాయరుకు ఆఫర్ దశలోనే చూపించండి, ఆ తర్వాత వచ్చే పర్చేజ్ అండ్ సేల్ ఒప్పందం దాకా ఆగకండి. మామూలుగా ఆఫర్‌తో వెయ్యి డాలర్లు, ఆ ఒప్పందం రోజున మొత్తం అయిదు శాతం దాకా డిపాజిట్ కడతారు.

మొన్నమొన్నటిదాకా పోటీ తట్టుకోవడానికి జనం ఇన్‌స్పెక్షన్ వదులుకుని ఆఫర్లు పెట్టేవారు. వందేళ్ల ఇంటికి అలా చేయడం కళ్లు మూసుకుని ఏట్లో దూకడమే. 2025 అక్టోబర్ 15 నుంచి రూలు మారింది. ఇన్‌స్పెక్షన్ వదులుకుంటేనే ఇస్తామని అమ్మేవాళ్లు షరతు పెట్టకూడదు, వదులుకుంటామని మీరు ముందే చెబితే ఆ ఆఫర్ తీసుకోకూడదు. ఈ హక్కు వాడుకోండి. పాత ఇళ్లు బాగా చూసిన ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకుని, ఆయన వెంటే మూడు గంటలూ తిరగండి. రిపోర్టులో రాయనివి నోటితో చెబుతారు.

అమ్మేవాళ్లు తమంతట తాము చెప్పాల్సినవి ఈ రాష్ట్రంలో చాలా తక్కువ: ముఖ్యంగా లెడ్ పెయింట్, సెప్టిక్. బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చాయా అన్నది మీరు అడిగితేనే చెబుతారు. ఈమెయిల్లో అడగండి, జవాబు ఈమెయిల్లోనే తీసుకోండి. సెప్టిక్ ఉంటే టైటిల్ 5 అనే రాష్ట్ర సెప్టిక్ నిబంధన ప్రకారం చేసిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఉండాలి, మామూలుగా అది రెండేళ్లు చెల్లుతుంది.

టైటిల్, అంటే ఆస్తి హక్కు రికార్డులు, చూసేటప్పుడు మిల్లు ఊళ్లకే ఉండే చిక్కులున్నాయి. మిల్లుకు వెళ్లే దారి హక్కు, నీటిని నిలబెట్టుకునే హక్కు, ఎప్పుడో తీసేసిన రైలు పట్టాల స్థలం, ఇద్దరికీ కలిపి ఒకే డ్రైవ్‌వే. స్థలాలు చిన్నవి, జోనింగ్ రూల్సు ఈ ఇళ్లు కట్టాక ఎప్పటికో వచ్చాయి. అందుకని వెనక ఒక గది వేసుకుందామన్నా జోనింగ్ బోర్డు అనుమతి కావాల్సి రావచ్చు. ఆ ఆశతోనే కొంటుంటే కొనకముందే టౌన్ ఆఫీసుకు వెళ్లి అడగండి. మార్ట్‌గేజ్ కోసం గీసే ప్లాట్ ప్లాన్‌ను నమ్ముకుని కంచె వేయొద్దు, అది అసలు సర్వే కాదు.

క్లోజింగ్ రోజున లాయరుకు చెప్పి హోమ్‌స్టెడ్ డిక్లరేషన్ రిజిస్ట్రీలో నమోదు చేయించండి. చేయించకపోయినా అప్పులవాళ్ల నుంచి 125,000 డాలర్ల రక్షణ దానంతట అదే ఉంటుంది. చేయిస్తే 2024లో మారిన చట్టం ప్రకారం పది లక్షల డాలర్ల దాకా. ఒక పేజీ కాగితం, మర్చిపోయేవాళ్లు ఎంతమందో.

తాళాలు చేతికొచ్చాక

మొదటి చలికాలం చాలా నేర్పుతుంది. చాలా ఊళ్లలో చలికాలం రాత్రిపూట వీధిలో కారు ఆపకూడదు. డ్రైవ్‌వే లేని మిల్లు ఇంటికి ఇది పెద్ద సమస్య, రెండు కార్లుంటే కొనకముందే ఆలోచించండి. చూరుకు లావుగా మంచు కడ్డీలు వేలాడుతుంటే అటకలోంచి వేడి పోతోందని అర్థం. కరెంటు, గ్యాసు కంపెనీల మాస్ సేవ్ పథకం వాళ్ల హోమ్ ఎనర్జీ అసెస్‌మెంట్ ఉచితం, మొదటి నెలలోనే బుక్ చేసుకోండి.

పెరట్లో గోంగూర, బెండ వేయాలని మనందరికీ ఉంటుంది. మిల్లు బాయిలర్ల బొగ్గు బూడిద చాలా పెరళ్లలో పల్లాలు నింపడానికి వాడారు. గోడల నుంచి రాలిన పాత పెయింటు ఇంటి చుట్టూ మట్టిలో ఉంటుంది. మొదటి ఏడాది ఆగి, మట్టిని రాష్ట్ర యూనివర్సిటీ యూమాస్ ల్యాబుకు పంపి సీసం చూపించుకోండి. మేం ఇంటి గోడకు దూరంగా చెక్క పెట్టెలు పెట్టి కొత్త మట్టి పోశాం, ఏ దిగులూ లేకుండా కోసుకుంటున్నాం.

ఆఫీసు బోస్టన్‌లో అయితే రైలు ఎక్కడాగుతుందో చూసుకోండి. లోవెల్ లైను లోవెల్ దాకా వెళ్తుంది. మేనార్డ్‌కి ఇప్పుడు స్టేషన్ లేదు, సౌత్ యాక్టన్‌లో ఫిచ్‌బర్గ్ లైను ఎక్కాలి. ఆ పాత పట్టాల దారి అసాబెట్ రివర్ రైల్ ట్రయల్ అయింది, సాయంత్రం పిల్లలు సైకిళ్లు తొక్కేది దాని మీదే. పక్కింట్లో తాతల కాలంలో ఫిన్లాండ్ నుంచి వచ్చినవాళ్లు ఉండొచ్చు, లోవెల్ వైపు అయితే కంబోడియా నుంచి వచ్చినవాళ్లు ఉండొచ్చు. మిల్లు పని కోసమో, బతుకు కోసమో వచ్చినవాళ్లే అందరూ. కొత్తవాళ్లను అనుమానంగా చూసిన జ్ఞాపకం మాకు ఒక్కటీ లేదు. టౌన్ మీటింగ్‌కి వెళ్లండి. ఓటు పౌరులకే అయినా కూర్చుని వినొచ్చు, మీ వీధి డ్రైనేజీ గురించి అక్కడే తెలుస్తుంది.

మేం కొన్న ఇంట్లో బేస్‌మెంట్ మధ్య స్తంభం మీద, చేరిన రోజు టార్చి వేస్తే, పెన్సిలు గీతలు కనిపించాయి. నేల నుంచి రెండంగుళాల ఎత్తున ఒకటి, పక్కన "మే 2006". దాని కింద, అంగుళం కూడా లేనిది, "మార్చి 2010". మాకంటే ముందున్న ఆయన రాసుకున్నవి. వాటిని చూసే పంపు ఎక్కడ పెట్టాలో, పెట్టెలు ఎంత ఎత్తున సర్దాలో తేల్చుకున్నాం. ఆ స్తంభానికి ఇప్పుడు దారంతో ఒక పెన్సిలు కట్టి ఉంచాను.